పాత లోగిలి... కొత్త కాపురం

మండువా ఇల్లు బేరానికి వచ్చినవాడు ముందు తలెత్తి పైకి చూస్తాడు. గోడల వంక చూడడు, గదులు లెక్కపెట్టడు. దూలం పొడవెంత, వాసాలెన్ని, స్తంభాలు టేకా మద్దా, ద్వారబంధం మీద చెక్కుడు పని చెదలు పట్టకుండా ఉందా... అతని చూపంతా వాటి మీదే. ఘనపుటడుగులు మనసులోనే కట్టేసుకుని, ఇచ్చిన కాఫీ చల్లారేలోపు ఓ అంకె చెబుతాడు. ఆ అంకెలో ఇంటికి విలువ లేదు, కలపకే ఉంది. ఊ అంటే చాలు, నెల తిరక్కుండా పెంకు దిగిపోతుంది. దూలాలు అడితికి చేరతాయి. తలుపులు ఏ రిసార్టు గుమ్మానికో, నగరంలో ఏ హోటల్ గోడకో అలంకారమవుతాయి.

కోనసీమలోనూ, తణుకు, భీమవరం, రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లలోనూ ఏళ్ల తరబడి జరుగుతున్న తంతు ఇది. ఈ మధ్య దీనికి ఎదురుగాలి కూడా వీస్తోంది. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడిన పిల్లలు తాతల ఇంటిని అమ్మడానికి మనసొప్పక, బాగుచేయించుకుని ఉందామని వస్తున్నారు. కొందరు రిటైరయ్యాక ఊళ్లోనే ఉండిపోతామంటున్నారు. సంతోషమే. చిక్కేమిటంటే, పడగొట్టేవాడి చేతిలో పోయే ఇళ్లు కొన్నయితే, ప్రేమగా బాగుచేయించేవాళ్ల చేతిలో పాడయ్యేవి మరికొన్ని. గోడకు సిమెంటు పూత, మండువాకు అద్దాల మూత, దేవుడి గది పక్కనే అటాచ్డ్ బాత్రూమ్... ఈ మూడూ అయ్యాక ఆ ఇల్లు మరో వందేళ్లు కాదు, పాతికేళ్లు నిలబడినా గొప్పే.

పాత ఇంటిని దాని సామానుతోనే బాగుచేయాలి. కొత్త అవసరాలకు పెరట్లో కొత్తగా కట్టాలి. రెండింటినీ కలగాపులగం చేస్తే రెండూ చెడతాయి. ఈ కథనంలో చెప్పదలచుకున్నదల్లా ఇదే.

ఆనకట్ట తెచ్చిన ఇళ్లు

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కరువులతో, తుపానులతో కునారిల్లిన డెల్టాలో కాలవ నీళ్లు పారాయి. వరి పండింది, తిండికి పోను డబ్బు మిగిలింది. మిగిలిన డబ్బు మొదట పొలం మీద పెట్టారు, తర్వాత ఇంటి మీద పెట్టారు. కాకినాడకూ రంగూన్‌కూ మధ్య ఓడలు తిరిగిన కాలం కాబట్టి బర్మా టేకు అందుబాటులోకి వచ్చింది. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మనవాళ్లు బెంగుళూరు పెంకు అని పిలుచుకునే ఆ పలక పెంకు క్రమంగా తూర్పు తీరానికీ చేరి, కలవారి ఇళ్ల మీద నాటు పెంకు స్థానాన్ని ఆక్రమించింది.

ఇంటి తీరు అందరికీ తెలిసిందే. వీధి అరుగులు, సింహద్వారం, నడవ, నాలుగు వైపులా వసారా, నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా. నాలుగు చూర్లూ లోపలికే వాలి ఉంటాయి కాబట్టి వాన నట్టింట్లోనే కురుస్తుంది. చుట్టూ పడకగదులు, దేవుడి గది, ధాన్యం కొట్టు. వెనక వంటిల్లు, నుయ్యి, గాబు, పశువుల పాక, గడ్డిమేటు. సగం ఇల్లు, సగం వ్యవసాయం. పంట ఇంటికొచ్చిన నెలలో బస్తాల మధ్య మనిషి నడవడానికి చోటుండేది కాదు. ఇప్పుడు ధాన్యం కళ్లంలోంచే మిల్లుకు పోతోంది. పాకలో పశువు లేదు. అంటే కొత్త కాపురానికి కావలసిన చోటు ఆ ఇంట్లోనే ఖాళీగా పడి ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

తెలంగాణలో భవంతి ఇల్లన్నా, రాయలసీమలో తొట్టి మిద్దె అన్నా నడిమి వాకిలి చుట్టూ అల్లుకున్న ఇళ్లే. కట్టిన సామాను వేరు కాబట్టి వైద్యమూ వేరు. చౌడు మిద్దెకు ఏటా మట్టి తోలాలి. పెంకుటింటికి ఏటా పెంకు సర్దాలి. ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ గోదావరి పెంకుటిళ్లకు సరిపోయేవి.

ఇంకొక మాట కూడా ముందే అనుకోవాలి. సినిమాల్లో మండువా అంటే సంక్రాంతి, ముగ్గులు, అరవై మంది బంధువులు, పెద్దాయన పడక్కుర్చీ. ఆ ఇంటి కోడళ్లను అడిగితే వేరే కథ చెబుతారు. పొగచూరిన వంటింట్లో తెల్లారుజామున మొదలైన చాకిరీ రాత్రి పదింటికి గానీ తెమిలేది కాదు. పెరటి చివరి మరుగుదొడ్డికి రాత్రిపూట లాంతరు పట్టుకుని వెళ్లాలి. నెలసరి రోజుల్లో వెనక పంచలో ఓ మూల ఉండాలి. పాలేర్లు, కూలీలు దొడ్డిగుమ్మం దాటి లోపలికి రాకూడదు. వీధి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు నిలబడాలో ఊరందరికీ తెలుసు. అందుకే ఇంటిని ఉన్నదున్నట్టు కాపాడాలనే వాదన నాకు రుచించదు. కాపాడవలసింది కట్టడాన్ని, ఆ కట్టుబాట్లను కాదు. వంటిల్లు వెలుతురులోకి రావాలి, మరుగుదొడ్డి మంచానికి దగ్గరగా రావాలి. ఇంటికి మార్పులు చేయడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు.

ముందు నీళ్ల సంగతి చూడండి

పాత ఇంటి జబ్బుల్లో చాలావాటికి మూలం నీరు. అది కింద నుంచీ వస్తుంది, పై నుంచీ వస్తుంది.

కింద నుంచి వచ్చేది మనం చేజేతులా తెచ్చుకున్నది. వరదలెరిగిన పెద్దలు ఇంటిని నేల మీద నుంచి మూడు నాలుగు అడుగులు ఎత్తి కట్టారు. తర్వాత ఊళ్లో రోడ్లు పడ్డాయి. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదే కంకర, ఆ కంకర మీద సిమెంటు రోడ్డు, దాని మీద ఇంకో పొర. నాలుగు మెట్లెక్కి వెళ్లాల్సిన అరుగు ఇవాళ వీధితో సమానమైంది. కొన్నిచోట్ల వీధే ఎత్తు. ఇక్కడ ఎవరూ గమనించని భాగం ఒకటుంది. అది మండువా తూము. మండువాలో పడ్డ వాననీరు ఒక మూల చిన్న రాతి తూములోకి దిగి, గచ్చు కిందుగా వీధి కాలవలోకి పోయేది. వీధి ఎత్తయ్యాక ఆ తూము నోరు మూసుకుపోయింది. నీరు బయటికి పోలేదు సరికదా, గట్టి వాన పడితే వీధి కాలవ నీరే ఎదురుతన్ని లోపలికి వస్తుంది. తేమ గోడల పునాదిలోకి ఎక్కి, అక్కణ్నుంచి మోకాలెత్తు, నడుమెత్తు దాకా పాకుతుంది.

బాగుచేయించే పనిలో మొదటి రూపాయి ఖర్చు పెట్టాల్సింది ఈ తూము మీద. వాలు పెరటివైపు మార్చి, అక్కడి చెరువులోకో పంటబోదెలోకో నీటిని మళ్లించాలి. ఇంకుడు గుంత తవ్వితే సరిపోదా అంటారు. మెట్ట ప్రాంతంలో సరిపోతుంది. కోనసీమలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లే కాబట్టి గుంత ఇంకించేదేమీ ఉండదు. గోడల చుట్టూ బయటివైపు కంకర నింపిన సన్నటి కాలవ ఒకటి తీస్తే పునాది దగ్గర నీరు నిలవదు. పునాది పక్కనే లోతుగా తవ్వకండి, పాత గోడలకు పునాది మనం అనుకున్నంత లోతు ఉండదు.

ఇంటినే జాకీలతో పైకెత్తించే పద్ధతి కూడా వచ్చింది. ఇటుక గోడల ఇళ్లను అలా ఎత్తుతున్నారు. మండువా ఇంట్లో బరువంతా గోడల మీద ఉండదు, స్తంభాల మీదా దూలాల మీదా పంచుకుని ఉంటుంది. గోడలూ స్తంభాలూ ఒకే లెక్కన లేవకపోతే కలప కీళ్లు ఊడతాయి. ఇంజనీరు చూసి చెప్పనిదే ఆ పనికి దిగొద్దు.

ఇక పూత విషయం. పద్దెనిమిది అంగుళాల గోడ, మట్టి అడుసుతో పేర్చిన ఇటుక, పైన సున్నం. ఆ గోడ తేమను పీలుస్తుంది, ఎండకాలం వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూయడమంటే చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ కాగితం చుట్టినట్టే. లోపలి తేమ బయటికి రాలేక ఇంకా పైకి ఎగబాకుతుంది. అందులోని ఉప్పు పూత వెనకాల పేరుకుని దాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. అసలు నష్టం కంటికి కనిపించదు. గోడలో దిగిన దూలం కొన తడిలో నాని పుచ్చిపోతుంది. ఊళ్లోని పెద్ద మేస్త్రీలకు ఇదంతా చదువు లేకుండానే తెలుసు.

"సిమెంటే కొట్టించేద్దాం మేస్త్రీ గారూ, గట్టిగా ఉంటుంది కదా?"

"పూత గట్టిగానే ఉంటదండి బాబుగారూ. లోపల గోడే ఉండదండి."

అమలాపురం దగ్గర ఓ ఇంట్లో విన్న మాటలివి. ఆ మేస్త్రీ సున్నం కలిపే తీరు దగ్గరుండి చూస్తే తొందరపడేవాళ్లకు విసుగొస్తుంది. కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేసి తాలించి, రోజుల తరబడి నానబెడతారు. పక్కన ఓ డ్రమ్ములో చితగ్గొట్టిన కరక్కాయలు, ఇంకో దాంట్లో బెల్లం నీళ్లు పులుస్తుంటాయి. ఆ వాసన పెరడంతా అలుముకుంటుంది. నానిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో వేసి నూరతారు. ఒకప్పుడు రాతి చక్రాన్ని ఎద్దు తిప్పేది, ఇప్పుడు మోటారు తిప్పుతోంది. వెన్నలా అయ్యాక బొటనవేలితో నొక్కి చూసి, జిగురు చాలకపోతే మళ్లీ బెల్లం నీళ్లు పోయిస్తాడు. పూత పూశాక అసలు పని మొదలవుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి రాయిలా మారాలి. దానికి నెలలు పడుతుంది. ఇటుక పొడి ఉంటే తడిలో కూడా గట్టిపడుతుంది. ఎండ తగిలితే బీటలు వారుతుంది కాబట్టి తడిగోనెలు కప్పాలి.

ఈ పనివాళ్లు దొరకరని చేతులెత్తేయకండి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ 2013లో మొదలైంది. ఏళ్ల తరబడి అక్కడ జరిగిందంతా డంగు సున్నం పనే. పాత గుళ్ల మరమ్మతుల్లోనూ ఇదే పని నడుస్తోంది. ఊళ్లో ఒక్క పెద్ద మేస్త్రీ ఉన్నా చాలు, పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెడితే ఇల్లు పూర్తయ్యేసరికి పని నేర్చేసుకుంటారు.

పైకప్పు

వంద చదరపు అడుగులకు సుమారు 140 బెంగుళూరు పెంకులు పడతాయి. పెద్ద లోగిలి మీద వేలల్లో ఉంటాయి. అన్నీ దింపి, చెక్కముక్కతో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొంగుగా పలికితే పగులు ఉన్నట్టు. చాలా ఇళ్లలో ముప్పావు వంతు పెంకు మళ్లీ ఎక్కించడానికి పనికొస్తుంది. పుచ్చేవి ఎక్కువగా పెంకు కింది రీపర్లు, చూరు దగ్గరి వాసాల కొనలు. వాసం కొన పుచ్చితే మొత్తం వాసం మార్చనక్కర్లేదు. పుచ్చిన మేరకు కోసి పాత టేకుతోనే అతుకు వేయగల వడ్రంగులు ఇంకా ఉన్నారు. అతుక్కి కలప కావాలంటే పడగొట్టిన ఇళ్ల సామాను అమ్మే అడితికే వెళ్లాలి. ఒక ఇల్లు చచ్చి ఇంకో ఇంటిని బతికిస్తోందన్నమాట.

కారే చోటు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. మండువా నాలుగు మూలల్లో రెండేసి వాలులు కలిసే చోటు. రెండు కప్పుల వాన అక్కడికే చేరుతుంది. అక్కడ వేసిన రేకు తుప్పు పడితే మూలవాసం నానుతుంది, దానితో పాటు మూల స్తంభమూ పోతుంది. ఇంట్లో ఇంకెక్కడ పొదుపు చేసినా ఆ నాలుగు రేకుల దగ్గర చేయకండి.

తుపాను మాటేమిటంటారా? 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. చూరు అంచున రెండు మూడు వరుసలు, నడికొప్పు దగ్గర ఒక వరుస పెంకును రాగి తీగతో రీపరుకు కట్టేస్తే గాలికి లేచేది చాలావరకు ఆగుతుంది. పెంకు మీద వాలే కోతులకు మాత్రం నాకు తెలిసిన మందు లేదు. కోతులకు జడిసి పెంకు తీసి రేకులు వేయించినవాళ్లు మొదటి ఏప్రిల్‌లోనే నాలుక కరుచుకున్నారు.

మండువాకు మూత వేయాలా?

బాగుచేయించే ప్రతి ఇంట్లో భార్యాభర్తలు పోట్లాడుకునే ప్రశ్న ఇదే. దుమ్ము, దోమలు, దొంగలు, వాన జల్లు, పిల్లుల బెడద... మూసేయమనే వైపు కారణాలు బోలెడున్నాయి. నా మాట అడిగితే, మూయకండి. ఇంట్లో వేడెక్కిన గాలి పైకి పోయేది ఆ నోట్లోంచే. అది పోతుంటేనే కిటికీల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అద్దమో పాలీకార్బనేట్ పలకో బిగించారంటే ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. ఆ తర్వాత వసారాలో కూడా ఏసీ పెట్టాల్సి వస్తుంది, కరెంటు బిల్లు చూసి ఇల్లే వద్దనిపిస్తుంది.

దొంగల భయానికి ఇనుప కమ్మీల చట్రం చాలు. దాని మీద స్టీలు జాలీ వేస్తే పిల్లులూ పక్షులూ రావు. దోమలకు పడకగదుల తలుపులకీ కిటికీలకీ జాలీ పెట్టుకోవాలి, మండువాకు కాదు. ముసలివాళ్లు జల్లుకు జారిపడతారనుకుంటే వానాకాలం వరకు చూరుకు వేలాడే తెర దించుకోవచ్చు. తప్పదు మూయాల్సిందే అంటే, చూరు కన్నా రెండడుగుల పైన కప్పు లేపి, చుట్టూ గాలి పోయే సందు వదలండి.

కొత్త గదులు పెరట్లో

పశువుల పాక సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. వంటిల్లు, స్నానాల గదులు, బట్టలుతికే చోటు, అంటే నీళ్లతో పనున్నవన్నీ ఆ పాక స్థలంలోకి వెళ్లాలి. మట్టి అడుసు గోడలో నీళ్ల పైపు పెట్టడమంటే ఇంట్లోకి చెదపురుగును పిలిచినట్టే. ఏనాటికైనా పైపు కారుతుంది, కారినట్టు తెలిసేసరికి దూలం దాకా పుట్ట వస్తుంది.

కొత్త కట్టడాన్ని పాత గోడకు ఆనించి కట్టకండి. డెల్టా బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంగుతుంది. వందేళ్ల కిందట కుంగాల్సినంత కుంగిన పునాదీ, నిన్న వేసిన పునాదీ ఒకే లెక్కన కదలవు. రెండింటినీ కలిపేస్తే రెండో ఏడే నిలువు పగులు ఖాయం. మధ్యలో నాలుగైదడుగులు వదిలి, తేలికపాటి కప్పుతో ఓ నడవ వేస్తే చాలు. రాత్రిపూట తడవకుండా వెళ్లొచ్చు, పాత ఇంటి వెనక కిటికీలు మూసుకుపోవు. కొత్తది పాతదానిలా కనబడాలని సిమెంటు స్తంభాలకు టేకు రంగు వేయించే ఆర్కిటెక్టులున్నారు. అది వేషం. కొత్తది కొత్తదానిలాగే ఉండనివ్వండి. పాత చూరు కన్నా ఎత్తు లేవకుండా, సాదా గోడలతో, పెద్ద కిటికీలతో, వెలుతురు వంటింటితో ఉంటే పాత ఇంటికి అదే మర్యాద.

పెద్దవాళ్లున్న ఇంట్లో వాళ్ల గదికీ స్నానాల గదికీ మధ్య గడప ఉండకూడదు, మెట్టూ ఉండకూడదు. చక్రాల కుర్చీ పట్టేలా మూడడుగుల తలుపు ఉండాలి. ఇవి పాత ఇంట్లో పెట్టాలంటే చెక్కిన ద్వారబంధాలు కోయాలి. కొత్తదాంట్లో పైసా అదనం లేకుండా వస్తాయి. తాతయ్యనూ నానమ్మనూ కొత్త గదిలోకి మార్చి, మనవలకు పాత గదులివ్వడం చాలా ఇళ్లలో కుదిరిన ఏర్పాటు.

కరెంటు తీగల కోసం సున్నపు గోడలు చెక్కించొద్దు. గోడ మీదుగా గొట్టాల్లో నడిపించండి. పాత చెక్కబద్దీల మీది వైర్లు మాత్రం ఒక్కటీ ఉంచకండి. పెంకు కింద ఎండు కలప, దాని పక్కన అరవై ఏళ్ల నాటి వైరు. అంతకన్నా చెప్పక్కర్లేదు. ఏసీ కావాలంటే బల్లకప్పు ఉన్న ఒక గదికి పెట్టుకోండి. మిగతా ఇంటిని మండువాకు వదిలేయండి.

ఖర్చు, కాగితాలు

చదరపు అడుగుకు ఇంత అని చెప్పే కాంట్రాక్టరును పాత ఇంటికి రానివ్వకండి. పెంకు దింపితే గానీ వాసం ఎలా ఉందో, పూత తీస్తే గానీ గోడ ఎలా ఉందో ఎవరికీ తెలియదు. సామాను మీరు కొని, పని రోజుకూలి లెక్కన చేయించుకోవడమే మేలు. అనుకున్న ఖర్చులో నాలుగో వంతు అదనంగా పక్కన పెట్టుకుని దిగండి.

అసలు అడ్డంకి చాలాచోట్ల డబ్బు కాదు, వాటాలు. నలుగురు అన్నదమ్ములు పంచుకున్న లోగిలిలో మండువా నడుమ గోడ లేచిన ఇళ్లు ఎన్ని లేవు? ఆడపిల్లల సంతకం అక్కర్లేదనుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 2005లో కేంద్రం దేశమంతటికీ అదే హక్కునిచ్చింది. ఆ సవరణే పాత 23వ సెక్షన్‌ను కూడా తీసేసింది. మగ వారసులు పంచుకునేదాకా కాపురముంటున్న ఇంట్లో వాటా తెంచమని ఆడపిల్లలు అడగడానికి వీల్లేదన్న సెక్షన్ అది. అందుకని అక్కచెల్లెళ్లను అడగకుండా సున్నం నానబెట్టకండి.

గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలావాటికి దస్తావేజులే ఉండవు, ఉంటే తాతల పేరు మీద ఉంటాయి. కాగితం లేని ఇంటికి బ్యాంకు అప్పివ్వదు. ఊళ్లలోని నివాస స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులివ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. మీ ఊరి సర్వే ఎంతవరకు వచ్చిందో పంచాయతీ ఆఫీసులో కనుక్కోండి. కొలతల రోజు ఇంటి దగ్గర మనిషి ఉండేలా చూసుకోండి.

పెంకు దింపే పని వేసవిలో పెట్టుకోవాలి, మృగశిర కార్తె రాకముందే మళ్లీ ఎక్కించేయాలి. సున్నం పూత వానలు వెనకబట్టాక, చలికాలంలో. సంతకాల పనికి మాత్రం కార్తెలు లేవు. సరిహద్దులెరిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే కానిచ్చుకోండి.